నేల మీద కూర్చునే మోటారుకి డ్రోన్ మాగ్నెట్ ఎందుకు?

ఈసారి పోస్టు ఎరువుల మీద కాదు, మార్కెట్ రేట్ల మీద కూడా కాదు. అయస్కాంతం మీద. నవ్వకండి. చివరికొచ్చేసరికి ఇది మన నీళ్ళ సంగతే అని మీకే తెలుస్తుంది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డాం, గుర్తుంది కదా. డి.ఏ.పి. సంగతీ అంతే. ఎక్కడో చైనా వాడు ఎగుమతులు బిగిస్తే ఇక్కడ మన సొసైటీలో బస్తా కనపడదు. అదే ఏడాది ఏప్రిల్ 4న చైనా ఇంకో కుళాయి కూడా కట్టేసింది. దాని గురించి మన రచ్చబండల మీద ఎవరూ మాట్లాడలేదు. సమారియం, టెర్బియం, డిస్ప్రోసియం లాంటి ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాలు, వాటితో చేసిన మాగ్నెట్లు దేశం దాటాలంటే లైసెన్సు తప్పనిసరి అంది. ప్రపంచం మొత్తం మీద ఈ రకం మాగ్నెట్లలో పదికి తొమ్మిది అక్కడే తయారవుతాయి. మన దేశంలో ఎలక్ట్రిక్ బండ్లు చేసే కంపెనీలు నెలల తరబడి తల పట్టుకుని కూర్చున్నాయి. 2010లో జపాన్‌తో సముద్రంలో దీవుల గొడవ వచ్చినప్పుడు కూడా చైనా ఇలాగే చేసింది. మరుసటి ఏడాదికి ఆ లోహాల రేట్లు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి. అంటే ఇది కొత్త జబ్బు కాదు, తిరగబెట్టిన జబ్బు.

స్కూటర్ల వాళ్ళ గొడవ మనకెందుకు అంటారా? మన బోర్లలో ఎక్కువ శాతం ఉన్నది ఇండక్షన్ మోటారు. దాంట్లో అసలు అయస్కాంతమే ఉండదు. రాగి చుట్టలో కరెంటు పారితే పుట్టే బలంతోనే రోటర్ తిరుగుతుంది. కాలిపోతే వైండింగ్ చేయించి మళ్ళీ దించుతాం. ఫ్రీ కరెంటు కాబట్టి అది ఎంత కరెంటు తింటుందో మనం ఎప్పుడూ లెక్క చూడలేదు. సోలార్‌కి వచ్చేసరికి లెక్క మారుతుంది. ప్యానెల్ ఇచ్చేదే అంత, అందులో ప్రతి వాట్‌నీ నీళ్ళుగా మార్చుకోవాలి. అందుకే సోలార్ పంపుల్లో బి.ఎల్.డి.సి. మోటార్లు వచ్చాయి. వాటి రోటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉంటుంది, కాబట్టి రోటర్‌ని అయస్కాంతంగా మార్చడానికి వేరే కరెంటు ఖర్చు కాదు. కేంద్రం సోలార్ పంపులకి పెట్టిన కొలతల్లో కూడా ఆ తేడా కనపడుతుంది. 10 మీటర్ల హెడ్‌కి, ఒక్కో వాట్ ప్యానెల్‌కి, రోజుకి ఇండక్షన్ మోటారైతే 90 లీటర్లు, మాగ్నెట్ ఉన్న మోటారైతే 100 లీటర్లు రావాలి. పదో వంతు నీళ్ళు ఎక్కువన్న మాట. వేసవిలో ఆ పదో వంతు విలువ ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

2019లో వచ్చిన పి.ఎం. కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగతా 40 శాతం రైతు వాటా. ఆ 40 శాతం కూడా మనలో చాలామంది అప్పు తెచ్చే కడతారు. అంత పెట్టి దించిన మోటారు లోపల ఏ మాగ్నెట్ ఉందో కంపెనీ చెప్పదు, మనం అడగం. మా పక్క ఊళ్ళో బత్తాయి తోట ఉన్న ఒకాయనకి మొన్నటి వేసవిలో సోలార్ మోటారు ఆగిపోయింది. కంపెనీ మనిషి వచ్చి చూసి రోటర్ మార్చాలన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "మాగ్నెట్లు రావట్లేదండీ, స్టాక్ లేదు" అనే మాటే. నిజమే చెప్పాడో సాకే చెప్పాడో గానీ, ఆయన పక్క బోరు వాళ్ళని బతిమాలుకుని తడులు పెట్టుకున్నాడు. ప్యానెళ్ళు మాత్రం ఎండలో తళతళా మెరుస్తూనే ఉన్నాయి.

ఇక అసలు విషయం. మాగ్నెట్లలో రెండు పెద్ద రకాలున్నాయి. ఒకటి పైన చెప్పుకున్న రేర్ ఎర్త్ రకం. అందులో ఎక్కువ వాడేది నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసేది. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వాళ్ళు కనిపెట్టారు. రెండోది ఫెరైట్. ఇది మీ అందరికీ తెలుసు, పేరే తెలియదు. చిన్నప్పుడు పాడైన స్పీకర్ పగలగొట్టి వెనకాల నల్లటి చక్రం తీసి, ఇసుకలో దొర్లించి ఇనప రజను పట్టేవాళ్ళం కదా, అదే ఫెరైట్. బైకు మాగ్నెటోలో, కారు వైపర్ మోటారులో, వీపు మీద మోసే బ్యాటరీ స్ప్రేయర్ పంపులో, రైస్ మిల్లులో వడ్లలోంచి మేకులు ఏరే పలకలో ఉండేది ఎక్కువగా ఇదే. కొన్ని దేశాల్లో పాడి ఆవుల చేత కూడా ఒక మాగ్నెట్ మింగిస్తారు. మేతతో పాటు మేకో తీగ ముక్కో లోపలికి పోతే కడుపుకి గుచ్చుకోకుండా దానికి అంటుకుని ఉంటుందని. ఈ సంగతి మన వెటర్నరీ డాక్టర్లను అడిగి ఇంకో పోస్టు రాయొచ్చు.

ఫెరైట్ అంటే ఒక రకంగా తుప్పే. ఐరన్ ఆక్సైడ్ పొడిలో స్ట్రాన్షియం కార్బొనేటో బేరియం కార్బొనేటో కలిపి, 1200 డిగ్రీల పైన కాలుస్తారు. దాన్ని మళ్ళీ మెత్తగా, మిల్లీమీటరులో వెయ్యో వంతు నలక అయ్యేదాకా నీళ్ళలో నూరుతారు. ఆ బురదని అచ్చులో పోసి, పక్కన పెద్ద అయస్కాంత బలం పెట్టి నొక్కుతారు. అప్పుడు నలకలన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి, మనం వరి మోపులు వేసేటప్పుడు కంకులన్నీ ఒకవైపుకి పెట్టినట్టు. తర్వాత మళ్ళీ ఆవంలో కాల్చడమే. కుండలు చేసే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ ఐరన్ ఆక్సైడ్ కూడా చాలావరకు ఇనప రేకుల్ని యాసిడ్‌తో కడిగే స్టీలు ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే సరుకు. దీనికి మొదటి అడుగులు 1930 ప్రాంతంలో టోక్యోలో కాటో, టకేయ్ అనే ఇద్దరు వేశారు. ఇప్పుడు మనం చూసే నల్ల మాగ్నెట్‌ని 1950ల మొదట్లో హాలండ్‌లోని ఫిలిప్స్ వాళ్ళు బయటకి తెచ్చారు. అదేనండి, బల్బుల ఫిలిప్సే.

మరి ఇంత చవకగా దొరికేది ఉండగా నియోడిమియం వెంట ఎందుకు పడ్డారు? బలం. మాగ్నెట్ బలాన్ని కొలిచే లెక్కలో ఫెరైట్‌కి 3 నుంచి 5 మార్కులు వస్తే నియోడిమియంకి 35 నుంచి 50 దాకా వస్తాయి. పదింతలు. ఎందుకంత తేడా అంటే, ఫెరైట్‌లో ఇనప అణువులు పన్నెండేసి ఒక జట్టు అనుకోండి. అందులో ఎనిమిది ఒకవైపు లాగుతాయి, నాలుగు ఎదురు లాగుతాయి. పన్నెండు ఎద్దుల్ని కట్టి నాలుగింటిని వెనక్కి తిప్పి కట్టినట్టు. మిగిలేది నాలుగు ఎద్దుల బలమే. పైగా మధ్యలో ఆక్సిజన్ అణువులు చోటు ఆక్రమించి ఏ పనీ చేయకుండా కూర్చుంటాయి. కాబట్టి ఎంత బాగుచేసినా ఫెరైట్ ఎప్పటికీ నియోడిమియం కాలేదు. ఎవరైనా యూట్యూబ్‌లో అవుతుందని చెబితే నమ్మకండి.

అయినా బాగుచేయడానికి చోటు లేదని కాదు, అక్కడే నా వాదన ఉంది. జపాన్ కంపెనీలు ఇందులో ఇరవై ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాయి. స్ట్రాన్షియంలో కొంత తీసి లాంథనం, ఇనుములో కొద్దిగా తీసి కోబాల్ట్ వేస్తే, మాగ్నెట్ తన దిక్కు వదలకుండా నిలబడే మొండితనం బాగా పెరుగుతుంది. ఆ మొండితనం ఉంటే మాగ్నెట్‌ని పలచగా చేసినా చెడిపోదు. ఇంకో దారి నలక సైజు. కాల్చేటప్పుడు నలకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్దవైపోతాయి, నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస పెద్దదైనట్టు. పూస పెద్దదైతే మొండితనం పోతుంది. తక్కువ కాలిస్తే గట్టిపడదు. అందుకే చిటికెడు ఇసుక పొడి, సున్నం లాంటివి వేసి, మంట చూసుకుని కాలుస్తారు. వినడానికి వంటలా ఉంది కానీ, పోటీ అంతా ఆ చిటికెడు దగ్గరే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్పాలి. లాంథనం కూడా రేర్ ఎర్తే. కాకపోతే అది కరువు సరుకు కాదు. నియోడిమియం కోసం తవ్వినప్పుడు దానికంటే ఎక్కువగా వచ్చి కుప్పలు పడుతుంది, కాబట్టి చవక. కోబాల్ట్ మాత్రం ఖరీదే, అది ఎక్కువగా ఆఫ్రికాలోని కాంగో నుంచి వస్తుంది. మరో మెలిక, ఫెరైట్ కూడా ఇవాళ ఎక్కువగా తయారయ్యేది చైనాలోనే. కానీ దానికీ దీనికీ తేడా ఉంది. ఫెరైట్ ముడిసరుకు ఏ దేశంలోనైనా దొరుకుతుంది, చేసే పద్ధతి డెబ్బై ఏళ్ళ పాతది, మన దేశంలో చేసే ఫ్యాక్టరీలు ఇప్పటికే ఉన్నాయి. ఎవడైనా కుళాయి కట్టేస్తే ఏడాదిలో మనమే ఇంకో కుళాయి పెట్టుకోగలం. నియోడిమియంకి ఆ మాట చెప్పలేం.

ఇప్పుడు మోటారు దగ్గరకి వద్దాం. నియోడిమియం అవసరం ఎక్కడ? బరువు తక్కువ ఉండాల్సిన చోట. మందు కొట్టే డ్రోన్ ఉంది. అది ట్యాంకు మోసుకుని ఎగరాలి, దాని మోటారులో అరకిలో పెరిగినా కష్టమే. దానికి నియోడిమియం పెట్టండి, కాదనను. స్కూటర్ చక్రంలో మోటారుకీ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ బోరులో వేలాడే మోటారుకి బరువుతో పనేముంది? గడ్డి కోసే మిషన్, పాలు పితికే మిషన్, పిండి గిర్నీ, ఇంట్లో ఫ్యాన్ ఇవన్నీ ఒకచోట కూర్చునేవే. అవి నాలుగు కిలోలు ఎక్కువ బరువుంటే మనకి ఏం నష్టం? ఇప్పుడు 30 వాట్లతో తిరిగే బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు వస్తున్నాయి, పాతవి 75 వాట్లు తినేవి. వాటిలో చాలావాటిలో ఉన్నది ఫెరైటే. ఫ్యాన్‌లో చోటుంది కాబట్టి కుదిరింది.

బోరులో చోటు తక్కువ కదా అని ఇంజనీర్లు అంటారు. నిజమే. ఆరున్నర అంగుళాల బోరులో మోటారు లావు పెంచలేం. కానీ పొడుగు పెంచొచ్చు. ఇంకో ఉపాయం కూడా ఉంది. మాగ్నెట్లని రోటర్ చుట్టూ అతికించకుండా, ఎడ్లబండి చక్రానికి ఆకులు బిగించినట్టు నిలువుగా లోపలికి దించుతారు. అప్పుడు రెండు మాగ్నెట్ల బలం మధ్యలో ఉన్న ఇనుములోకి చేరి ఒక్కచోట బయటకొస్తుంది, రెండు పిల్ల కాలువలు కలిసి ఒక తూములో పారినట్టు. అలాగే రోటర్ ఇనుములో గాళ్ళు కోసి, ఆ ఇనుము ఆకారంతోనే కొంత తిప్పే బలం పుట్టించి, మిగతాది ఫెరైట్‌తో సర్దే మోటార్లు కూడా ఉన్నాయి. ఇవి కాగితం మీద లెక్కలు కాదు. అమెరికాలో 2016 మోడల్ షెవర్లే వోల్ట్ కారులో ఉన్న రెండు మోటార్లలో ఒకటి ఫెరైట్‌దే. మన దేశంలో ఓలా కంపెనీ 2025 అక్టోబరులో తన ఫెరైట్ మోటారుకి ప్రభుత్వ పరీక్షా కేంద్రం సర్టిఫికెట్ తెచ్చుకుంది. గుంతల రోడ్డు మీద పరిగెత్తే బండిలో నడిచేది, కదలకుండా నీళ్ళలో కూర్చునే మోటారులో నడవదా?

మన ఎండలకి ఫెరైట్‌కి ఇంకో లాభం ఉంది. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది, చల్లారినా మొత్తం తిరిగి రాదు. వేడికి తట్టుకోవాలంటే అందులో డిస్ప్రోసియం వేయాలి. చైనా లైసెన్సు పెట్టింది సరిగ్గా దాని మీదే. ఫెరైట్‌కి వేడిలో లాగే బలం కాస్త తగ్గుతుంది, చల్లారితే మళ్ళీ వస్తుంది. దాని మొండితనం మాత్రం వేడికి పెరుగుతుంది. దానికి పడనిది గడ్డకట్టే చలి. ఆ చలి మన దగ్గర ఎక్కడుంది? తుప్పు సంగతి చూసినా అంతే. నియోడిమియం పైన ఉన్న నికెల్ పూత గీసుకుపోతే నీళ్ళ తడికి పొడిపొడిగా రాలిపోతుంది. ఫెరైట్ పుట్టుకే తుప్పు, దానికి కొత్తగా పట్టేదేముంది.

నష్టాలు లేవా అంటే ఉన్నాయి. అదే పనికి ఫెరైట్ మోటారు పెద్దదవుతుంది, ఇనుము ఎక్కువ పడుతుంది, రాగి కూడా ఎక్కువ పట్టొచ్చు. ఇవాళ రాగి రేటు ఏంటో వైండింగ్ షాపుకి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మాగ్నెట్‌లో మిగిలిన డబ్బు కొంత రాగిలో పోతుంది. ఫెరైట్ కుండ పెంకు లాంటిది, కింద పడితే ముక్కలే. అందుకే నేను ఫెరైట్ అంటే అన్నిటికీ మందు అనడం లేదు. మన పొలం మిషన్లలో ఎక్కువ భాగానికి అది సరిపోతుంది, ఇంకొంచెం బాగుచేస్తే ఇంకా బాగా సరిపోతుంది అంటున్నాను.

ఇప్పుడు ప్రభుత్వం ఏం చేస్తోందో చూడండి. 2025 నవంబరులో కేంద్ర కేబినెట్ రేర్ ఎర్త్ మాగ్నెట్ల ఫ్యాక్టరీల కోసం 7,280 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. ఏడాదికి 6,000 టన్నులు ఇక్కడే చేయాలని లక్ష్యం. మంచిదే, దేశ రక్షణకి, విమానాలకి, డ్రోన్లకి కావాలి. విశాఖలో 2023లో మొదలైన సమారియం కోబాల్ట్ మాగ్నెట్ల ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలే. టన్నుల్లో అయితే మూడు. మూడు టన్నుల దగ్గర్నుంచి ఆరు వేలకి పోవాలంటే ఎంత దూరమో ఆలోచించండి. దానికి కావాల్సిన మోనజైట్ మన కోస్తా ఇసుకలో బాగానే ఉంది, కానీ దాంట్లో థోరియం ఉంటుంది, అంటే అణుశక్తి శాఖ చేతిలోంచి పోవాలి. తీరంలో ఇసుక తవ్వితే అక్కడి మత్స్యకారుల గొడవలు వేరే ఉంటాయి. ఇదంతా తేలేసరికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో మన సోలార్ మోటార్ల సంగతేంటి? ఆ పథకం పేరులోనే రేర్ ఎర్త్ ఉంది కాబట్టి ఫెరైట్ దాని కిందకి రాదు. ఇదే నాకు మింగుడు పడనిది. పెద్ద జబ్బుకి ఆస్పత్రి కట్టండి, వద్దనను. ఈలోపు ఊళ్ళో జ్వరానికి మాత్ర కూడా ఉండాలిగా.

మన రాష్ట్రంలోనే ఒక సంగతి చూడండి. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ముగ్గురాయి గనులున్నాయి, బెరైటీస్ అంటారు. ప్రపంచంలోనే పెద్ద గనుల్లో అదొకటి. అందులో ఉండేది బేరియం. ఆ రాయిలో ఎక్కువ భాగం పొడి కొట్టి విదేశాలకి పంపుతాం, వాళ్ళు చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలపడానికి. అదే బేరియంతో ఫెరైట్ మాగ్నెట్ చేయొచ్చు, మొదట్లో ఫిలిప్స్ వాళ్ళు చేసింది బేరియందే. తర్వాత పరిశ్రమ స్ట్రాన్షియం వైపు పోయింది. దాని మొండితనం కొంచెం ఎక్కువ, పైగా బేరియం కార్బొనేట్ విషం, ఎలుకల మందుగా వాడేది. కాబట్టి ఫ్యాక్టరీలో జాగ్రత్తలు గట్టిగా ఉండాలి, పక్క ఊళ్ళ నీళ్ళలోకి పోకూడదు. ఆ షరతు మీదే, నీటి పంపులకి సరిపడే బేరియం ఫెరైట్‌ని ఎంతవరకు బాగుచేయొచ్చో పరిశోధన చేయించమని అడుగుతున్నాను. లోహపు పొడులతో పని చేసే ఏ.ఆర్.సి.ఐ., రక్షణ శాఖ వాళ్ళ డి.ఎం.ఆర్.ఎల్. రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. రాయి ఇక్కడ, చదువుకున్నవాళ్ళు ఇక్కడ, నీళ్ళ అవసరం ఇక్కడ. టన్ను రాయి అమ్మితే వచ్చేదెంత, దాన్ని మాగ్నెట్ చేసి అమ్మితే వచ్చేదెంత? పసుపు కొమ్ము అమ్మి పసుపు పొడి ప్యాకెట్ కొనుక్కునే మనకి ఈ లెక్క కొత్త కాదు.

ప్రభుత్వం చేసేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. సబ్సిడీ సోలార్ పంపులకి కంపెనీలని టెండర్ పెట్టి ఎంపిక చేస్తారు. ఆ టెండర్‌లో మోటారు లోపల ఏ మాగ్నెట్ వాడారో నేమ్ ప్లేట్ మీద రాయాలనీ, గ్యారంటీ ఉన్నన్నాళ్ళూ స్పేర్ రోటర్ జిల్లాలో స్టాక్ ఉండాలనీ ఒక షరతు పెట్టమని మన ఎఫ్.పి.ఓ.ల తరఫున అర్జీలు ఇవ్వొచ్చు. పంపుసెట్ దించే ముందే "ఇది ఫెరైటా, నియోడిమియమా? రోటర్ పోతే ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అని కంపెనీ మనిషిని అడగండి. ఒక్కడు అడిగితే నవ్వుతాడు, ఊరంతా అడిగితే రాసిస్తాడు.

ఇంకో మాట వైండింగ్ మెకానిక్‌లకి. బి.ఎల్.డి.సి. మోటారు విప్పినప్పుడు వార్నిష్ ఆరబెట్టడానికి స్టేటర్‌ని ఓవెన్‌లో పెడతారు కదా, రోటర్‌ని మాత్రం దాంతో పాటు పెట్టకండి. నియోడిమియం అయితే ఆ వేడికే చచ్చిపోతుంది, మోటారు తిరుగుతుంది కానీ నీళ్ళు తగ్గిపోతాయి, తప్పు పంపు మీద పడుతుంది. ఫెరైట్ అయితే సుత్తితో కొట్టకండి, అంచు పెచ్చు లేస్తుంది. రెండూ గుర్తుపట్టడం సులువే. మెరిసే వెండి రంగు పూత ఉంటే నియోడిమియం, నల్లగా పెంకులా ఉంటే ఫెరైట్.

మీలో ఎవరికైనా సోలార్ మోటారు ఉంటే నేమ్ ప్లేట్ ఫోటో, ఏ సంవత్సరం దించారో, ఎప్పుడైనా రోటర్ మార్చాల్సి వస్తే ఎన్ని రోజులు ఆగారో కామెంట్‌లో పెట్టండి. కంపెనీ పేరు కనపడకుండా పెట్టినా పర్లేదు. ఓ యాభై వస్తే మండలాల వారీగా రాసి, అర్జీకి జత చేస్తాను.